పదో తరగతి, ఇంటర్ పిల్లలకు పొగ గురించి చెప్పాలంటే గుండెతో మొదలుపెట్టండి

మే 31 ప్రపంచ పొగాకు వ్యతిరేక దినం. అప్పటికి మన స్కూళ్లకు వేసవి సెలవులు. సెప్టెంబర్ 29 ప్రపంచ హృదయ దినం. అది తరచూ దసరా సెలవుల్లోనో, సెలవులకు ముందు పరీక్షల హడావుడిలోనో కొట్టుకుపోతుంది. క్యాలెండర్‌ని నమ్ముకుంటే విజయవాడలో గానీ గుంటూరులో గానీ ఈ పాఠం సరిగ్గా జరిగే రోజు రాదు. జులైలో ఒక పీరియడ్, నవంబర్‌లో ఒక పీరియడ్ ముందే టైంటేబుల్‌లో రాసి పెట్టుకోవడం మేలు. ఒకేసారి గంటన్నర చెప్పి వదిలేసే కంటే నాలుగు నెలల ఎడంతో రెండుసార్లు చెబితే బాగా నిలుస్తుంది.

పాఠం జరిగిన చోట కూడా వరస ఇంచుమించు ఒకటే. నోటి కాన్సర్ బొమ్మల చార్టు, ఒక పెద్దాయన ప్రసంగం, అందరూ చెయ్యి చాపి ప్రతిజ్ఞ, ఫొటో. పదిహేనేళ్లవాడు ఆ చార్టు చూసి భయపడడని కాదు. భయపడతాడు, మధ్యాహ్నం దాకా. ఆ తర్వాత లెక్క వేసుకుంటాడు: కాన్సర్ వస్తే అరవైలో వస్తుంది, నాకిప్పుడు పదిహేను, మధ్యలో మానేయడానికి బోలెడంత టైముంది. ఈ లెక్కను ఊపిరితిత్తుల బొమ్మతో తప్పని చెప్పలేం. గుండెతో చెప్పగలం. గుండె మీద పొగ పని మొదటి దమ్ముతోనే మొదలవుతుంది, దాన్ని పిల్లల చేతే కొలిపించి చూపించవచ్చు.

చెప్పేవాళ్లకు ముందు కొన్ని సంగతులు స్పష్టంగా తెలిసి ఉండాలి. దమ్ము లాగిన పది, ఇరవై సెకన్లలో నికోటిన్ మెదడుకు చేరుతుంది. అడ్రినలిన్ విడుదలవుతుంది. గుండె నిమిషానికి పది నుంచి ఇరవై సార్లు ఎక్కువ కొట్టుకుంటుంది, బీపీ లేస్తుంది, రక్తనాళాలు బిగుస్తాయి. పొగలోని కార్బన్ మోనాక్సైడ్ రక్తంలో ఆక్సిజన్ కూర్చోవలసిన చోటు ఆక్రమిస్తుంది. రక్తనాళాల లోపలి పొర ఒకే ఒక్క కణం మందాన ఉంటుంది. అది దెబ్బతిని నున్నదనం పోగొట్టుకుంటుంది, రక్తాన్ని గడ్డకట్టించే కణాలైన ప్లేట్‌లెట్లు ఒకదానికొకటి అంటుకునే గుణం పెరుగుతుంది. అంటే గుండెకు పని పెరిగింది, అందే ఆక్సిజన్ తగ్గింది, పైగా గడ్డ కట్టే అవకాశం పెరిగింది. ఇవన్నీ ఒకే సిగరెట్‌తో, ఒకేసారి.

కుర్రగుండెకు ఏమవుతుందిలే అనేవాళ్లకు చెప్పవలసిన పాత సంగతి ఒకటుంది. కొరియా యుద్ధంలో చనిపోయిన 300 మంది అమెరికన్ సైనికుల గుండెలను డాక్టర్లు కోసి పరీక్షించి, ఫలితాలను 1953లో ప్రచురించారు. ఆ సైనికుల సగటు వయసు 22. వాళ్లలో 77 శాతం మంది గుండె ధమనుల్లో అప్పటికే జబ్బు ఆనవాళ్లున్నాయి. అదంతా పొగవల్లనే అని ఆ పరిశోధన చెప్పలేదు, మనమూ చెప్పకూడదు. ఆ తర్వాత అమెరికాలోనే, 15 నుంచి 34 ఏళ్ల మధ్య ప్రమాదాల్లాంటి కారణాలతో చనిపోయినవాళ్ల ధమనులను పరీక్షించినప్పుడు పొగతాగినవాళ్లలో ఈ కొవ్వు మచ్చలు, గట్టిపడిన చోట్లు ఎక్కువగా కనిపించాయి. ఇక మన సంగతి. 52 దేశాల్లో జరిగి 2004లో వెలువడిన ఇంటర్‌హార్ట్ అధ్యయనంలో పొగతాగేవాళ్లకు గుండెపోటు ముప్పు దాదాపు మూడు రెట్లు కనిపించింది. మొదటి గుండెపోటు వచ్చిన వయసు మిగతా దేశాల్లో దాదాపు 59 ఉంటే, మన దక్షిణాసియా వాళ్లలో 53. క్లాసులో కూర్చున్న పిల్లలకు ఆ 53 దూరంగా అనిపించినా, వాళ్ల నాన్న వయసు తలుచుకోమంటే దూరం కాదని తెలుస్తుంది.

మొదటి పని నాడి చూడటం. దీనికి గడియారం తప్ప ఏమీ అక్కర్లేదు. పిల్లలు ఐదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చోవాలి. కుడిచేతి చూపుడు వేలు, మధ్య వేలు ఎడమ మణికట్టు మీద, బొటనవేలి మొదటికి దిగువన ఉన్న పల్లంలో ఆనించాలి. బొటనవేలితో చూడకూడదు. దానికి సొంత నాడి ఉంటుంది, రెండూ కలిసి లెక్క తప్పుతుంది. గట్టిగా నొక్కితే నాడి అందదు. సగం మంది పిల్లలు చేసే పొరపాటు ఇదే. 30 సెకన్లు లెక్కపెట్టి రెండుతో హెచ్చించాలి. 60 నుంచి 100 మధ్య వస్తే మామూలే. తర్వాత ఉన్నచోటే ఒక నిమిషం పరుగు, ఆగిన వెంటనే ఈసారి 15 సెకన్లే లెక్కపెట్టి నాలుగుతో హెచ్చించాలి, ఎందుకంటే పిల్లల గుండె చాలా త్వరగా సర్దుకుంటుంది. రెండు నిమిషాలాగి మళ్లీ చూడాలి. ఆస్తమా ఉన్నవాళ్లు, గుండెకు ఆపరేషన్ అయినవాళ్లు ఎవరన్నా ఉన్నారేమో ముందే విడిగా కనుక్కుని వాళ్లకు స్టాప్‌వాచ్ పని అప్పజెప్పండి. మన ఎండల సంగతి తెలిసిందే కాబట్టి ఇది మొదటి పీరియడ్‌లోనే పెట్టుకోండి.

ఇక బోర్డు మీద లెక్క. నిమిషానికి 70 చొప్పున గుండె రోజుకు 1,00,800 సార్లు కొట్టుకుంటుంది. నికోటిన్ వల్ల నిమిషానికి పదే పెరిగిందనుకున్నా గంటకు 600 ఎక్కువ. ఇక్కడ ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు: "ఆడుకున్నా పెరుగుతుంది కదా సార్?" ఆ ప్రశ్న కోసమే ఎదురుచూడాలి. ఆడినప్పుడు గుండెకు రక్తం ఇచ్చే నాళాలు తెరుచుకుంటాయి, అవసరమైనంత రక్తం వస్తుంది. రోజూ ఆడేవాడి గుండె విశ్రాంతిలో ఇంకా నెమ్మదిగా కొట్టుకుంటుంది. నికోటిన్ దీనికి అడ్డంగా పనిచేస్తుంది. పని పెంచుతూనే నాళాలను బిగిస్తుంది. ఇది నోటితో చెబితే సగమే ఎక్కుతుంది, ట్యూబుతో చూపించాలి.

దానికి కావలసినవి: ఖాళీ లీటరు వాటర్ బాటిల్, మందుల షాపులో దొరికే కొత్త సెలైన్ సెట్, ఎం-సీల్, కొలత గీతలున్న గ్లాసు, బకెట్, కొన్ని పెద్దావాలు. సెట్ కొత్తదే కొనాలి, వాడి పారేసింది ఎంత శుభ్రంగా కనిపించినా తేకూడదు. దాంతోపాటు వచ్చే సూదిని క్లాసుకు తేవద్దు. చుక్కలు పడే చాంబర్‌ను పూర్తిగా కత్తిరించి తీసేయాలి. అది ఉంటే నీళ్లు ఎప్పుడూ చుక్కలుగానే వస్తాయి, ధారను తగ్గించడానికి, పెంచడానికి ట్యూబు మీద ఉండే చక్రం తిప్పినా తేడా తెలియదు. కింది చివరన సూది తగిలించే ప్లాస్టిక్ మూతి కూడా కోసేయాలి, అక్కడ రంధ్రం సన్నగా ఉంటుంది. మిగిలిన ట్యూబు లోపలి వెడల్పు సుమారు 3 మి.మీ. మనిషి గుండెకు రక్తం ఇచ్చే ప్రధాన ధమని వెడల్పు కూడా 3 నుంచి 4 మి.మీ. ఉంటుంది. ఆ ట్యూబును పిల్లల చేతికిచ్చి, గుండె అంతా ఇంత సన్నటి దారుల మీద బతుకుతోందని చెప్పినప్పుడు క్లాసు నిశ్శబ్దమవుతుంది.

బాటిల్ అడుగు కోసేసి తలకిందులు చేయాలి. మూతకు ట్యూబు బిగుతుగా పట్టేంత రంధ్రం పెట్టి, ట్యూబు చివర మూత లోపలి అంచుకు సమానంగా ఉండేలా దూర్చి, బయట చుట్టూ ఎం-సీల్ అద్దాలి. ట్యూబు లోపలికి పొడుచుకు వస్తే ఆవాలు దాని చుట్టూ చేరి లోపలికి దిగవు. ముందు రోజు రాత్రే అతికించి ఆరనివ్వండి, తడి మీద ఎం-సీల్ పట్టదు. కిటికీ చువ్వకు బాటిల్‌ను కట్టి, ట్యూబు చివర కింద గ్లాసు పెట్టాలి. నీళ్లు పోశాక ట్యూబులో గాలి బుడగ ఇరుక్కుంటే ధార ఆగిపోతుంది, వేలితో రెండుసార్లు తడితే కదులుతుంది.

ఇప్పుడు ట్యూబు మీద ఉన్న చక్రం తిప్పుతూ నిమిషానికి సుమారు 250 మి.లీ. వచ్చేలా సర్దండి. విశ్రాంతిగా ఉన్నప్పుడు గుండె తనకోసం తాను వాడుకునే రక్తం ఇంచుమించు అంతే. మెట్లు ఎక్కినా, పరుగెత్తినా దానికి మూడు నాలుగు రెట్లు కావాలి. చక్రం పూర్తిగా తెరిచి చూపండి. 250కి రెట్టింపైనా రాకపోతే బాటిల్‌ను ఇంకాస్త ఎత్తులో కట్టాలి. ఈ కొలతలు క్లాసుకు ముందే ఇంట్లో ఒకసారి చూసుకోండి, పిల్లల ముందు తంటాలు పడితే పాఠం చెదిరిపోతుంది.

ఆ తర్వాత చక్రాన్ని కొంచెం కొంచెంగా బిగిస్తూ రావాలి. చాలాసేపు ధారలో పెద్ద తేడా కనిపించదు. బిగుసుకుంటోందని చేతికి తెలుస్తుంది, కంటికి తెలియదు. బాగా దగ్గరికొచ్చాక ఒక్కసారిగా పడిపోతుంది. ఈ ఒక్క దృశ్యం కోసం ఇంత ఏర్పాటు. ధమని వెడల్పులో దాదాపు 70 శాతం మూసుకుపోయేదాకా కూర్చున్న మనిషికి ఏ బాధా ఉండకపోవచ్చు. "నేను రెండేళ్లనుంచి తాగుతున్నా, నాకేం కాలేదు" అనే మాటకు జవాబు ఆ చక్రంలో ఉంది.

ఇప్పుడు ఆవాలు. పొడివి వేస్తే పైన తేలతాయి, ఐదు నిమిషాలు నానబెట్టి వేయాలి. చిన్నావాలు తప్పించుకుపోతాయి కాబట్టి పెద్దావాలు కావాలి, అవీ ఒకసారికి మూడు నాలుగే. చక్రం తెరిచి ఉంటే జారి గ్లాసులో పడతాయి. సగం బిగించి ఉంటే, ధార ఇంకా బాగానే వస్తుండగానే, ఒక గింజ వచ్చి చక్రం దగ్గర ఇరుక్కుంటుంది. ధార పడిపోతుంది. గుండెపోటు చాలాసార్లు ఇలాగే వస్తుంది. నాళం పూర్తిగా పూడుకుపోయి కాదు, సగమే సన్నబడ్డ చోట లోపలి కొవ్వు పొర పగిలి, దాని మీద నిమిషాల్లో గడ్డకట్టి. ఇక్కడ ఒక సవరణ చెప్పడం మరిచిపోకండి. ఆవగింజ పైనుంచి కొట్టుకొచ్చింది, శరీరంలో గడ్డ ఎక్కువగా పగిలిన చోటే పుడుతుంది. ఎంపీసీ పిల్లలైతే ఇంకోటి అడుగుతారు: వ్యాసార్థం సగమైతే ప్రవాహం 16వ వంతు కావాలి కదా, ఎందుకు కాలేదు? ఆ సూత్రం మొత్తం పొడవునా సన్నగా ఉన్న గొట్టానికి, ఇక్కడ చక్రం నొక్కేది కొన్ని మిల్లీమీటర్లే. ఈ ప్రశ్న వచ్చిందంటే పాఠం వాళ్లకు పట్టిందన్నమాట.

కార్బన్ మోనాక్సైడ్‌కు కుర్చీలు చాలు. ఇరవై కుర్చీలు వరసగా వేసి, గుంటూరు నుంచి విజయవాడ వచ్చే బస్సు అనుకోమనండి. గుంటూరు ఊపిరితిత్తులు, విజయవాడ గుండె కండరం, కుర్చీలు రక్తంలో ఆక్సిజన్‌ను మోసే హిమోగ్లోబిన్. ఆక్సిజన్ పాత్ర వేసేవాళ్లు గుంటూరులో ఎక్కి విజయవాడలో దిగి, ఖాళీ బస్సు మళ్లీ వెనక్కి వస్తుంది. ఇప్పుడు ఇద్దరు కార్బన్ మోనాక్సైడ్లు ఎక్కి కూర్చుంటారు, దిగరు. హిమోగ్లోబిన్‌ను ఆ వాయువు ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. ఇద్దరినే ఎక్కించండి. పొగతాగేవాళ్ల రక్తంలో సాధారణంగా 5 నుంచి 10 శాతం హిమోగ్లోబిన్ దాని చేతిలో ఉంటుంది. ఇరవైలో ఒకటి రెండు కుర్చీలంటే అదే. నాటకీయంగా ఉంటుందని పదిమందిని ఎక్కిస్తే అది అబద్ధమవుతుంది, అంత వాయువుకు మనిషి బతకడం కష్టం. పిల్లలు ఇలాంటివి ఇంటికెళ్లి ఫోన్‌లో చూసుకుంటారు. ఒక్కటి తప్పని తేలితే మిగతా అన్నీ నమ్మడం మానేస్తారు.

కోవిడ్ తర్వాత చాలా ఇళ్లలో ఆక్సీమీటర్ ఉంది. "మా అన్న తాగుతాడు, అయినా 98 చూపిస్తోంది" అని ఒకరు తెచ్చి పెడతారు. మామూలు ఆక్సీమీటర్ ఆక్సిజన్ పట్టుకున్న హిమోగ్లోబిన్‌కూ, కార్బన్ మోనాక్సైడ్ పట్టుకున్నదానికీ తేడా చెప్పలేదు. రెండింటినీ కలిపే చూపిస్తుంది. ఆ 98లో అది కూడా ఉంది.

సిగరెట్ వెలిగించి సీసాలో దూది నల్లబడటం చూపించే ప్రదర్శన ఒకటి చాలాచోట్ల చేస్తారు. స్కూల్లో వద్దు. విద్యాసంస్థలో పొగాకు వెలిగించడం చట్టానికి విరుద్ధం, మనమే ఆ గీత దాటితే ఇక చెప్పేదేముంది. పైగా ఆ దూది చూపించేది తారు. గుండెను దెబ్బతీసే నికోటిన్, కార్బన్ మోనాక్సైడ్ రెండూ దూది మీద కనపడవు. ఫిల్టర్ ఉంటే తారు ఆగుతుందిగా అన్న తప్పుడు ధైర్యం కూడా అక్కడే మొదలవుతుంది.

పిల్లల దగ్గర అన్నిటికన్నా గట్టిగా పాతుకున్న నమ్మకం "రోజుకు ఒకటేగా". ఇరవై తాగితే ఇరవై వంతుల ముప్పు, ఒకటి తాగితే ఒక వంతు అని లెక్క. కాన్సర్ విషయంలో ఆ లెక్క కొంత దగ్గరగా ఉంటుంది. గుండె విషయంలో అస్సలు కాదు. 141 అధ్యయనాలను కలిపి విశ్లేషించి 2018లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రచురించిన ఫలితం ప్రకారం, రోజుకు ఇరవై సిగరెట్ల వల్ల గుండెజబ్బు ముప్పు ఎంత పెరుగుతుందో, అందులో ఇంచుమించు సగం రోజుకు ఒక్కదానితోనే వచ్చేస్తుంది. కారణం మొదట్లో చెప్పుకున్నదే: లోపలి పొర చెడటానికీ, ప్లేట్‌లెట్లు అంటుకోవడానికీ కొద్దిపాటి పొగ చాలు. పక్కవాడి పొగ పీల్చేవాళ్లకు కూడా గుండెజబ్బు ముప్పు 25 నుంచి 30 శాతం పెరగడానికి కారణం ఇదే. ఈ మాట అమ్మాయిలకు ప్రత్యేకంగా చెప్పాలి. పొగ పాఠం మగపిల్లల పాఠమని వాళ్లను పక్క గదిలో కూర్చోబెట్టడం పెద్ద తప్పు.

బీడీ ఆకుతో చుట్టింది కదా, సహజమైనది అంటారు. తునికాకులోంచి గాలి చొరబడదు, ఆరిపోకుండా ఉండాలంటే గట్టిగా, ఎక్కువసార్లు లాగాలి, ఫిల్టరూ ఉండదు. ఖైనీ, గుట్కాల్లో పొగ లేదు గానీ నికోటిన్ ఉంది. ఇంటర్‌హార్ట్‌లో నమిలేవాళ్లకు కూడా ముప్పు రెండు రెట్ల పైనే కనిపించింది. హుక్కా నీళ్లలోంచి వస్తుంది కాబట్టి వడకట్టినట్టే అనుకుంటారు. నీళ్లు పొగను చల్లబరుస్తాయి, అంతే. కార్బన్ మోనాక్సైడ్ బొగ్గునుంచి బోలెడంత వస్తుంది. ఇ-సిగరెట్ల అమ్మకం 2019 చట్టంతో దేశమంతటా నిషేధం. పెన్‌డ్రైవ్‌లా కనిపించే ఆ వస్తువు బ్యాగులో దొరికితే తల్లిదండ్రులు గుర్తుపట్టలేరు, వాళ్లకు ఒకసారి బొమ్మ చూపించడం మంచిది.

ఇంటర్ పిల్లలది వేరే లోకం. గూడవల్లి, నిడమానూరు, పోరంకి వైపు హాస్టళ్లలో ఉండే పిల్లవాడికి ఇరవై ఏళ్ల తర్వాత వచ్చే గుండెపోటు కన్నా వచ్చే ఆదివారం పరీక్ష ముఖ్యం. "సిగరెట్ తాగితే నిద్ర రాదు, చదువు మీద ధ్యాస నిలుస్తుంది" అన్న మాట అక్కడ బాగా చెలామణి అవుతుంది. నికోటిన్ రక్తంలో సుమారు రెండు గంటల్లో సగానికి తగ్గుతుంది. తగ్గేకొద్దీ చిరాకు, ధ్యాస చెదరడం మొదలవుతాయి. ఇంకొకటి కాలిస్తే అవి పోతాయి, దాన్నే ఏకాగ్రత అనుకుంటారు. ఎంట్రన్స్ పరీక్ష మూడు గంటలు. మధ్యలో బయటికి వెళ్లి కాల్చే వీలు లేదు. సరిగ్గా కష్టమైన లెక్కలు మిగిలే సమయానికి అలవాటున్నవాడి తల పని చేయడం మానేస్తుంది. ఈ ఒక్క ముక్క వాళ్లను కదిలించినట్టు ఏ కాన్సర్ బొమ్మా కదిలించదు. కుర్ర మెదడు నికోటిన్‌కు త్వరగా లొంగుతుందని కూడా చెప్పాలి. రోజూ తాగే స్థితికి రాకముందే, అప్పుడప్పుడూ తాగే దశలోనే కొందరిలో యావ మొదలవుతుంది.

తెలిసినంత మాత్రాన మానతారా? మానరు. సమాచారం మాత్రమే ఇచ్చే పాఠాలు పెద్దగా పనిచేయవని ఎన్నో దేశాల అనుభవం. 2004 నుంచి 2006 దాకా ఢిల్లీ, చెన్నైలలో 32 స్కూళ్లలో జరిగిన మైత్రి అనే కార్యక్రమంలో పిల్లలే నాయకులుగా చర్చలు, ఆటలు, పోస్టర్లు నడిపారు. రెండేళ్లలో ఆ స్కూళ్లలో పొగాకు వాడకం 17 శాతం తగ్గితే, కార్యక్రమం లేని స్కూళ్లలో 68 శాతం పెరిగింది. కాబట్టి రెండో పీరియడ్ మొత్తం వద్దనడం సాధన చేయడానికే వదలాలి.

సాధన ఇలా. ముగ్గురు ముగ్గురు. టీ కొట్టు దగ్గర నిలబడ్డట్టు. ఒకడు "రేయ్ మామా, ఒక్క దమ్మే, ఏం కాదు" అంటాడు, ఇంకొకడు వంత పాడతాడు. మూడోవాడు వద్దనాలి. మొదటి ప్రయత్నంలో చాలామంది ఉపన్యాసం మొదలుపెడతారు, గుండె, ధమని, నికోటిన్ అంటూ. ఆపించండి. కారణం చెబితే కారణం మీద వాదన మొదలవుతుంది. "వద్దురా, నాకు పడదు", "నువ్వు కానీ, నేను టీ తాగుతా". ఇంతే, ఒక్క వాక్యం, మామూలు గొంతుతో. చేతిలో టీ గ్లాసో ఫోనో ఉంటే ఇంకా సులువు, చెయ్యి ఖాళీగా ఉంటేనే సిగరెట్ అందులోకి వస్తుంది. వాళ్లు రెండోసారి, మూడోసారి అడుగుతారు, "ఏంట్రా, అమ్మకు భయమా" అంటారు. మూడోసారి దాకా సాధన చేయించాలి. అసలు లొంగేది అక్కడే. టీచర్ రాసిచ్చిన పుస్తకాల వాక్యాలు ఎవడూ బయట వాడడు, మాటలు వాళ్లనే వెతుక్కోనివ్వండి.

ఈ మధ్యలో ఒక చెయ్యి లేస్తుంది. "మా నాన్న తాగుతారు టీచర్, ఏం చెయ్యాలి?" పిల్లల్ని ఇంటి మీద పోలీసుల్ని చేయకండి. అగ్గిపెట్టె దాచడం, పెట్టె విరిచి పారేయడం లాంటివి చేస్తే దెబ్బలు తినేది పిల్లలే. నాన్న చిరాగ్గా లేని వేళ చూసి ఒకే మాట అడగమనండి: "నాన్నా, ఇంట్లో మాత్రం తాగొద్దు." అది చాలామంది నాన్నలు కాదనలేని మాట. సిగరెట్ పెట్టె మీద 1800-11-2356 అని ముద్రించి ఉంటుంది, పొగాకు మానడానికి సాయం చేసేందుకు కేంద్ర ప్రభుత్వం నడిపే ఉచిత ఫోన్ సేవ, క్విట్‌లైన్ అది. ఛాతీ మధ్యలో బరువు, ఎడమ చేతికో దవడకో పాకే నొప్పి, చెమటలు పడితే గ్యాస్ అనుకుని సోడా తాగిస్తూ కూర్చోకుండా వెంటనే 108కి ఫోన్ చేయాలని కూడా అదే రోజు చెప్పేయండి.

మన ప్రాంతంలో ఇంకో జాగ్రత్త అవసరం. పొగాకు బోర్డు 1976 నుంచి గుంటూరు కేంద్రంగా నడుస్తోంది. చుట్టుపక్కల జిల్లాల్లో ఎన్నో ఇళ్లలో పొయ్యి వెలిగేది ఈ పంట మీద. క్లాసులో పొగాకు రైతు కూతురు ఉంటుంది, గ్రేడింగ్‌కు వెళ్లే అమ్మ కొడుకు ఉంటాడు. "పొగాకు విషం పండించేవాళ్లు" అన్న మాట నోటి నుంచి రాకూడదు. ఆ పిల్లలకు తెలిసిన సంగతితోనే మొదలుపెట్టొచ్చు. తడిసిన పచ్చాకు కోసినవాళ్లకు వాంతులు, తల తిరగడం వస్తుంటాయి, నికోటిన్ చర్మంలోంచే ఒంట్లోకి దిగుతుంది. ఆకు ముట్టుకుంటేనే అంత పనిచేసే పదార్థం ఊపిరితిత్తుల దారిలో రక్తంలో కలిస్తే ఏమవుతుందో వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. తడి ఆకు కోసేటప్పుడు చేతులకు తొడుగులు, పొడుగు చేతుల చొక్కా వేసుకోవాలని ఇంట్లో చెప్పమనండి.

చట్టం గురించి రెండు ముక్కలు చాలు. 2003 నాటి చట్టం ప్రకారం 18 ఏళ్లలోపు వాళ్లకు అమ్మకూడదు, విద్యాసంస్థకు 100 గజాల లోపల అమ్మకూడదు. 2015 బాలల న్యాయ చట్టంలోని 77వ సెక్షన్ ప్రకారం పిల్లలకు పొగాకు ఇస్తే ఏడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా పడవచ్చు. గేటు నుంచి 100 గజాలు, అంటే సుమారు 91 మీటర్లు, పిల్లలతో టేపు పట్టించి కొలిపించి మ్యాపు గీయించండి. కొట్టువాడితో మాట్లాడవలసింది మాత్రం హెడ్మాస్టరు, పిల్లలు కాదు.

చివరి పది నిమిషాల్లో అందరికీ ఒకే రకం చీటీలు, ఒకే రంగు పెన్నులు ఇచ్చి పేరు లేకుండా ఏదైనా ప్రశ్న రాయమనాలి. ప్రశ్న లేనివాళ్లు కూడా ఏదో ఒక వాక్యం రాయాలి. లేకపోతే రాస్తున్నవాడు ఎవడో అందరికీ తెలిసిపోతుంది. "నేను తాగుతున్నాను, ఎలా మానాలి" అని ఒకటన్నా వస్తుంది. చేతిరాత బట్టి ఎవరో కనుక్కునే ప్రయత్నం చేయకండి, తల్లిదండ్రులను పిలిపించకండి. మర్నాడు అందరి ముందు, ఎవరినీ చూడకుండా జవాబు చెప్పండి. ఆఖరి సిగరెట్ ఆర్పిన ఇరవై నిమిషాలకే నాడి, బీపీ దిగడం మొదలవుతుంది. ఒకటి రెండు రోజుల్లో కార్బన్ మోనాక్సైడ్ రక్తంలోంచి దాదాపు పూర్తిగా పోతుంది. ఏడాదికి గుండెజబ్బు అదనపు ముప్పు సగానికి పడుతుంది. మానే తేదీ ఒకటి పెట్టుకోవాలి, అది పరీక్షల వారంలో ఉండకూడదు. మొదటి మూడు రోజులు అన్నిటికన్నా కష్టం, చిరాకు, నిద్ర పట్టకపోవడం, ఆకలి ఎక్కువ కావడం మామూలే, రెండు నుంచి నాలుగు వారాల్లో తగ్గుతాయి. యావ వచ్చినప్పుడు అది ఐదు పది నిమిషాలే ఉంటుంది, ఆ కాసేపు చల్లటి నీళ్లు తాగడం, నాలుగు అంతస్తులు ఎక్కి దిగడం, ఇంటికి ఫోన్ చేయడం. ఏ స్నేహితుడితో, ఏ కొట్టు దగ్గర, ఏ వేళకు తాగుతున్నాడో కాగితం మీద రాసుకుని ఆ వేళకు ఆ దారి మార్చాలి. నికోటిన్ బబుల్‌గమ్ లాంటివి ఈ వయసులో సొంతంగా కొనుక్కోకూడదు, డాక్టర్‌ని అడిగాకే. మధ్యలో ఒకటి కాల్చినంత మాత్రాన మానడం చెడిపోయినట్టు కాదు, మర్నాటి నుంచి మళ్లీ లెక్క కొనసాగించాలి. క్విట్‌లైన్ నంబర్ బోర్డు మీద రాసి ఆ వారమంతా చెరపకుండా ఉంచండి, అందరూ ఇంటికి వెళ్లాక ఒకడు వచ్చి రాసుకుంటాడు.